వేరు చేసేవాళ్ళే లెక్క చెప్పాలి

2020 ఏప్రిల్‌లో కరోనా ఉన్న తల్లికి పుట్టిన బిడ్డని ఎక్కడ పడుకోబెట్టాలి? జవాబు ఆ తల్లి ఏ దేశంలో ఉందన్నదాన్ని బట్టి మారేది. చైనా నిపుణులు ఫిబ్రవరిలోనే తేల్చేశారు: బిడ్డని పద్నాలుగు రోజులు విడిగా ఉంచాలి, తల్లిపాలు పట్టకూడదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ ఏప్రిల్ మొదట్లో, కొన్నాళ్ళు వేరు చేయండి, కావాలంటే పాలు పిండి పంపించుకోండి అంది. బ్రిటన్‌లో ప్రసూతి డాక్టర్ల రాయల్ కాలేజీ మాత్రం తల్లీబిడ్డలిద్దరూ బాగుంటే కలిపే ఉంచమంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్చిలోనే ఇంకో అడుగు ముందుకేసింది. తల్లి మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని పాలివ్వాలి, బిడ్డని ఒంటికి హత్తుకోవాలి, ఇద్దరూ ఒకే గదిలో ఉండాలి అని చెప్పింది.

వైరస్ ఒకటే. దాని గురించి పెద్దగా తెలియకపోవడం కూడా అందరికీ సమానమే. మరి తేడా ఎక్కడొచ్చింది? వేసుకున్న ప్రశ్నలో. బిడ్డకి వైరస్ అంటుకుంటుందా అని అడిగినవాళ్ళకి వేరు చేయడం సబబుగా తోచింది. బిడ్డ బతికి బట్టకడుతుందా అని అడిగినవాళ్ళకి తల్లి పక్కన ఉంచడం సబబుగా తోచింది. పైకి రెండూ ఒకే ప్రశ్నలా ఉంటాయి గానీ, కావు.

నేను డాక్టర్ని కాదు. కానీ ఈ విషయంలో నా అభిప్రాయం గట్టిగానే ఉంది. అంటువ్యాధి వచ్చినప్పుడు తల్లీబిడ్డల్ని విడదీయడాన్ని మనం జాగ్రత్త అంటున్నాం. అది జాగ్రత్త మాత్రమే కాదు, ఒక చికిత్స. మందుకి ఉన్నట్టే దానికీ డోసు ఉంటుంది, దుష్ఫలితాలు ఉంటాయి. కొత్త మందు ఇచ్చేవాళ్ళని ఇది పనిచేస్తుందా, ఏమైనా చెడు చేస్తుందా అని అడుగుతాం. విడదీసేవాళ్ళని ఎవరూ అడగరు. పైగా బిడ్డని దగ్గర ఉంచుకుంటానన్న తల్లినే, ఏమైనా అయితే బాధ్యత నీదేనా అని నిలదీస్తాం. ఇది తలకిందులు వ్యవహారం. లెక్క చెప్పాల్సింది వేరు చేసేవాళ్ళు.

మా చెల్లెలికి 2020 ఆగస్టులో పురుడొచ్చింది. ఊరు చెప్పను, ఆస్పత్రి అసలే చెప్పను. సిజేరియన్‌కి ముందు చేసిన టెస్టులో పాజిటివ్ వచ్చింది. దగ్గు లేదు, జ్వరం లేదు, ఊరికే పాజిటివ్. పిల్లాడు పుట్టగానే ముఖం చూపించి పై అంతస్తులో నర్సరీకి తీసుకెళ్ళిపోయారు. మా అమ్మని లోపలికి రానివ్వలేదు, బావని గేటు దగ్గరే ఆపేశారు. వీడియో కాల్‌లో పిల్లాడిని చూపిస్తే, డబ్బాపాలు తాగి హాయిగా పడుకున్నాడని సిస్టర్ చెప్పింది. పాపం, ఆమె మంచి మనసుతోనే చెప్పింది.

తల్లిపాలు వద్దని డాక్టరు అనలేదు, ఈ మాట నేను చెప్పి తీరాలి. పిండి పంపించవచ్చమ్మా, అభ్యంతరం లేదు అన్నాడు. కాగితం మీద అంతా సరిగ్గానే ఉంది. కానీ కోతనొప్పితో మంచం మీద ఉన్న తొలిచూలు బాలింతకి పాలు ఎలా పిండాలో చూపించేవాళ్ళు ఆ వార్డులో లేరు. పీపీఈ కిట్లు వేసుకుని రోజుకి ఏదో రెండుసార్లు వచ్చే సిస్టర్లకి మందులిచ్చి వెళ్ళడమే గగనం. పంపు లేదు. తెప్పించినా, కోవిడ్ వార్డులో పట్టిన పాల సీసాని పై అంతస్తుకి మోసుకెళ్ళేదెవరు, దాన్ని ముట్టుకునేదెవరు? ఆయమ్మని అడిగితే, నాకూ పిల్లలున్నారమ్మా అంది. మూడో రోజుకి చెల్లెలి రొమ్ములు రాళ్ళలా గట్టిపడ్డాయి, జ్వరం వచ్చింది. ఆ జ్వరం కరోనాదేమోనని ఐసొలేషన్ ఇంకా పొడిగించారు. పాలు గడ్డకట్టి వచ్చిన జ్వరమేమో చూడండని ఫోన్‌లో అమ్మ మొత్తుకుంటే, మీకు తెలియదులెండి అన్నారు. నలుగురు పిల్లల్ని పెంచిన మనిషికి ఆ మాట చెప్పారు.

డాక్టరు పదే పదే అన్న మాట ఒకటుంది: "మనం రిస్క్ తీసుకోలేం కదమ్మా." ఆ వాక్యం నాకు ఇప్పటికీ కొరుకుడు పడదు. రిస్క్ తీసుకోకపోవడం ఎక్కడ జరిగింది? ఒక రిస్క్ వదిలి ఇంకో రిస్క్ తీసుకున్నారు, అంతే. మొదటిది వస్తే ఆస్పత్రి పేరు పేపర్లో వస్తుంది. రెండోది నెమ్మదిగా, ఇంట్లో, ఎవరికీ కనపడకుండా వస్తుంది.

పిల్లాడు ఇంటికొచ్చాక రొమ్ము పట్టలేదు. సీసాకి అలవాటుపడ్డాడు. తల్లిపాలు, డబ్బాపాలు కలిపి ఎలాగో లాక్కొచ్చారు. ఇప్పుడు బడికి వెళ్తున్నాడు, బాగున్నాడు. కాబట్టి ఇది విషాదగాథ కాదు. మా చెల్లెలింట్లో ఫిల్టరు నీళ్ళున్నాయి, గ్యాస్ ఉంది, డబ్బా అయిపోతే ఇంకోటి కొనే స్థోమత ఉంది. డబ్బాపాలు విషం కూడా కాదు. పాలు పడని తల్లులు, మందుల వల్ల ఇవ్వలేని తల్లులు ఉంటారు, వాళ్ళకి అవసరమే. నేను మాట్లాడుతున్నది, ఇవ్వగలిగి ఉండి, ఇవ్వాలనుకుని, వ్యవస్థ వల్ల ఇవ్వలేకపోయిన తల్లుల గురించి.

ఆ మొదటి రోజుల్లో డాక్టర్లు భయపడడంలో తప్పేం లేదు. తెలియని రోగం, కిట్ల కొరత, తోటి సిబ్బంది కళ్ళముందే పడిపోవడం. సరే. అయితే మన దేశపు సూచనలు అంత భయపడలేదన్నది చాలామందికి తెలియదు. ప్రసూతి డాక్టర్ల సంఘం ఫాగ్సీ, నవజాత శిశువుల డాక్టర్ల నేషనల్ నియోనాటాలజీ ఫోరం, పిల్లల డాక్టర్ల ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ మూడూ కలిసి 2020లోనే మార్గదర్శకాలు ఇచ్చాయి. బిడ్డ ఆరోగ్యంగా ఉంటే తల్లితోనే ఉంచవచ్చు, నేరుగా పాలివ్వచ్చు, ఇద్దరిలో ఎవరికైనా ఒంట్లో బాగోలేక కుదరకపోతే పిండిన తల్లిపాలు పట్టాలి అన్నది వాటి సారాంశం. మా చెల్లెలి పురుటికి చాలా ముందే ఇవి ఉన్నాయి. అయినా వార్డుల్లో నడిచింది వేరే. వాట్సాప్‌లో తిరిగిన అమెరికా పీడీఎఫ్ మన మూడు సంఘాల మాటకంటే వేగంగా చేరింది. మంచినీళ్ళు కుళాయిలోంచి నేరుగా తాగే దేశంలో రాసిన జాగ్రత్త అది.

ఆ అమెరికా వాళ్ళు కూడా జులైలో మాట మార్చుకున్నారు. న్యూయార్క్ ఆస్పత్రుల్లో కరోనా తల్లులకి పుట్టిన 120 మంది పిల్లల్ని చూసిన అధ్యయనం అదే నెలలో వచ్చింది. మాస్కు, చేతులు, రొమ్ము శుభ్రం చేసుకోవడం, పాలిచ్చాక బిడ్డని అదే గదిలో మూసి ఉన్న ఇంక్యుబేటర్‌లో పడుకోబెట్టడం, ఇవీ జాగ్రత్తలు. మళ్ళీ వచ్చి చూపించుకున్న 82 మందిలో ఎక్కువమంది తల్లితో ఒకే గదిలో ఉన్నవాళ్ళే. వారానికి మళ్ళీ టెస్టు చేస్తే ఒక్కరికీ పాజిటివ్ రాలేదు. ఆగస్టులో కాలిఫోర్నియా పరిశోధకులు 18 మంది తల్లుల నుంచి తీసుకున్న 64 పాల నమూనాలు పరీక్షించారు. ఒక్కదాంట్లో వైరస్ జన్యుపదార్థం ఆనవాలు కనపడింది గానీ, అంటుకోగల బతికున్న వైరస్ ఒక్కదాంట్లోనూ లేదు. తర్వాత తల్లిపాలలో కరోనాని ఎదిరించే యాంటీబాడీలే దొరికాయి.

తూకం వేసి చూసిన లెక్క 2021 మార్చిలో వచ్చింది. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన పిల్లల్ని తల్లి ఛాతీకి ఆనించి ఉంచి, తల్లిపాలు పట్టే పద్ధతిని కంగారూ మదర్ కేర్ అంటారు. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన పద్ధతి. పేద, మధ్యతరగతి దేశాల్లో దీన్ని అందరికీ అందిస్తే 1,25,000 వరకు శిశుమరణాలు తప్పించవచ్చని అంచనా. తల్లిని దగ్గర ఉంచడం వల్ల కరోనాతో చనిపోయే పిల్లలు ఆ అంచనా ప్రకారం 2,000 లోపు. ఒకవైపు లక్ష దాటిన ప్రాణాలు, ఇంకోవైపు రెండు వేల లోపు. అంచనాలో ఎంత తప్పున్నా ఈ త్రాసు అటు తిరగదు.

అదే ఏడాది మే నెలలో ఢిల్లీ సఫ్దర్‌జంగ్‌తో పాటు ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియా ఆస్పత్రుల్లో చేసిన ప్రయోగం ఫలితాలు బయటకొచ్చాయి. తక్కువ బరువు పిల్లల్ని ముందు కుదుటపడనిచ్చి తర్వాత తల్లికి ఇచ్చే పాత అలవాటుకి బదులు, పుట్టిన వెంటనే తల్లి ఒంటికి ఆనించారు. 28 రోజుల్లో మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. తేడా ఎంత స్పష్టంగా ఉందంటే, ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు. సరిగ్గా ఆ కాలంలోనే ఎన్నో దేశాల్లో కంగారూ వార్డులకి తాళాలు పడ్డాయి.

ఇదంతా కరోనాతో మొదలైంది కాదు. ఇంతకంటే పెద్ద పాఠం ఆఫ్రికాలో, హెచ్‌ఐవీ విషయంలో ఎప్పుడో జరిగింది. నాకు ఈ చర్చలో అన్నిటికంటే ముఖ్యమనిపించే ఉదాహరణ బోట్స్వానా.

తల్లిపాల ద్వారా హెచ్‌ఐవీ సోకగలదని 1985లో తెలిసింది. అమెరికా వెంటనే తల్లిపాలు వద్దంది. మందులు లేని రోజుల్లో అక్కడ అది సరైన మాటే అనుకుందాం. ఆ సలహా అలాగే బయలుదేరి ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగానికి చేరింది. బోట్స్వానా ప్రభుత్వానికి డబ్బుంది, చిత్తశుద్ధి ఉంది. హెచ్‌ఐవీ ఉన్న తల్లులందరికీ డబ్బాపాలు ఉచితంగా ఇచ్చింది. చాలామంది తల్లులు అదే ఎంచుకున్నారు. విధానం బాగా అమలైందని మెచ్చుకున్నారు కూడా.

2005 చివర, 2006 మొదట్లో వానలు విపరీతంగా పడి వరదలొచ్చాయి. నీళ్ళు కలుషితమయ్యాయి. విరేచనాలతో పసిపిల్లలు ఆస్పత్రులకి పోటెత్తారు. వందలమంది పోయారు. ఎందుకిలా అని పరిశోధకులు వెళ్ళి చూస్తే, ఆస్పత్రిలో చేరిన పిల్లల్లో దాదాపు అందరూ తల్లిపాలు తాగనివాళ్ళే. హెచ్‌ఐవీ నుంచి కాపాడదామని ఇచ్చిన డబ్బాలోని పొడికి ఆ నీళ్ళే కలిపారు మరి. వేరే నీళ్ళు ఎక్కడున్నాయి?

అదే దేశంలో జరిగి 2006లో ప్రచురితమైన ఇంకో అధ్యయనం తీరిగ్గా, చల్లగా అదే మాట అంకెల్లో చెప్పింది. హెచ్‌ఐవీ ఉన్న తల్లుల పిల్లల్లో కొందరికి డబ్బాపాలు, కొందరికి తల్లిపాలతో పాటు హెచ్‌ఐవీని అడ్డుకునే జిడోవుడిన్ మందు. ఏడో నెలకి హెచ్‌ఐవీ సోకినవాళ్ళు డబ్బాపాల పిల్లల్లో 5.6 శాతం, తల్లిపాల పిల్లల్లో 9 శాతం. ఇక్కడితో ఆపితే డబ్బా గెలిచింది. కానీ చనిపోయినవాళ్ళు డబ్బాపాల పిల్లల్లో 9.3 శాతం, తల్లిపాల పిల్లల్లో 4.9 శాతం. పద్దెనిమిది నెలల దగ్గర హెచ్‌ఐవీ లేకుండా బతికున్న పిల్లలెందరని చూస్తే రెండు వైపులా ఇంచుమించు సమానం. ఒక చావు తప్పించి ఇంకో చావు తెచ్చి పెట్టారు. మొదటి చావుకి పేరుంది, బడ్జెట్ ఉంది, విధానం ఉంది. రెండోదాన్ని విరేచనాలు అని రాసి ఊరుకుంటారు.

1999లో దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి వచ్చిన పరిశోధన ఇంకో ముడి విప్పింది. హెచ్‌ఐవీ సోకే ప్రమాదం ఎక్కువగా ఉన్నది, తల్లిపాలతో పాటు నీళ్ళు, వేరే పాలు, ఇంకేవో కలిపి పట్టే పిల్లల్లో. తల్లిపాలు మాత్రమే తాగే పిల్లల్లో తక్కువ. ఈ మాట చదివినప్పుడల్లా నాకు మన ఇళ్ళలో తేనె నాకించే పెద్దమ్మలు, గ్రైప్ వాటర్ తెచ్చే మావయ్యలు గుర్తొస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఒకటి. ఇక్కడి కౌన్సెలర్లు ఎన్నేళ్ళు ఈ మాట మీద తల బాదుకున్నారో. అయితే ఇది, లేకపోతే అది, రెండూ కలపొద్దు. కోడలు రొమ్మివ్వకుండా డబ్బా పడితే అత్తగారికి అనుమానం, ఇరుగుపొరుగుకి అనుమానం. డబ్బా చూసే జబ్బు కనిపెట్టే ఊళ్ళలో, గదిలో కూర్చుని ఇచ్చే సలహా గడప దాటేసరికి ఏమవుతుందో విధానాలు రాసేవాళ్ళు ఆలోచించాలి.

చివరికి 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దారి మార్చింది. తల్లికో బిడ్డకో మందులిస్తూ తల్లిపాలు కొనసాగించవచ్చంది. మన జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నాకో కూడా తల్లికి జీవితాంతం ఏఆర్‌టీ అనే హెచ్‌ఐవీ మందులు, బిడ్డకి వైరస్ సోకకుండా నెవిరపిన్ సిరప్, ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే అన్న పద్ధతికి వచ్చింది. 1985లో వద్దన్న అమెరికాలో కూడా, మందులు సరిగ్గా వాడుతూ వైరస్ పరీక్షకి దొరకనంత తగ్గిన తల్లి పాలివ్వాలనుకుంటే తోడ్పడాలని అక్కడి పిల్లల డాక్టర్ల అకాడమీ 2024లో చెప్పింది. అంటే దాదాపు నలభై ఏళ్ళు పట్టింది.

ఇంత చెప్పాక, నీకు తల్లిపాల పిచ్చి పట్టింది, ఏ రోగమైనా పాలివ్వమంటావా అని అడగొచ్చు. అననే అనను. ఎబోలా ఉంది. తల్లిపాలలో ఆ వైరస్ ఉంటుంది, సోకితే పసిబిడ్డ బతకడం చాలా కష్టం. అందుకే అక్కడ తల్లిపాలు ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతుంది. కరోనాలో కలిపి ఉంచమన్న సంస్థే ఇదీ చెప్పింది. ఆపమని ఊరుకోలేదు కూడా, బదులుగా బిడ్డకి ఏమివ్వాలో, నీళ్ళు కలపనక్కర్లేని సిద్ధంగా ఉన్న పాలైతే మంచిదని, బిడ్డని ఎన్నాళ్ళు గమనించాలో సూచనల్లో ఉంది. అదీ లెక్క చెప్పి వేరు చేయడమంటే.

మిగతా రోగాలకి కూడా దేనికదే. క్షయ ఉన్న తల్లి మందులు వాడుతూ, మాస్కుతో పాలిస్తుంది, బిడ్డకి ముందుజాగ్రత్త మందు ఇస్తారు. హెపటైటిస్ బి ఉన్న తల్లి బిడ్డకి పుట్టిన కొద్ది గంటల్లో టీకా, ఇమ్యునోగ్లోబులిన్ అనే సిద్ధంగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్ వేస్తే తల్లిపాలకి అడ్డు లేదు. డెంగీ, చికున్‌గున్యాలకి ఆపనక్కర్లేదు. కాన్పుకి అటూ ఇటూగా తల్లికి ఆటలమ్మ పోస్తే మాత్రం కొన్నాళ్ళు జాగ్రత్త కావాలి, ఆ బిడ్డకి అది ప్రమాదం. రోగాన్ని బట్టి నడిచే ఈ పద్ధతి మన డాక్టర్లకి కొత్త కాదు. కొత్త వైరస్ రాగానే ఇదంతా మర్చిపోయి, అన్నిటికీ ఎబోలా మందే వేయడమే నా ఫిర్యాదు. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు కూడా అమెరికాలో మొదటి సలహా కొన్నాళ్ళు వేరు చేయమనే.

మన దగ్గర ఈ విడదీత ఎందుకంత సులువుగా సాగిపోయిందంటే, మామూలు రోజుల్లోనే మనం సగం విడదీసి పెట్టాం కాబట్టి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం దేశంలో పుట్టిన గంటలోపు తల్లిపాలు అందుతున్న పిల్లలు 41.8 శాతమే. తెలంగాణలో కాన్పుల్లో సిజేరియన్లు 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. కోత అయిందంటే బిడ్డ ఒక గదిలో, తల్లి ఒక గదిలో, మధ్యలో ఎవరో ఒకరు ముర్రుపాలు పడలేదని డబ్బా తెప్పించడం, ఇవన్నీ కరోనాకి ముందు నుంచీ ఉన్నవే. పాలు అడిగేకొద్దీ ఊరతాయి. మొదటి రోజుల్లో బిడ్డ చప్పరించకపోతే, పిండకపోతే, తగ్గిపోతాయి. అప్పుడు పాలు పడలేదు అన్న మాట నిజమవుతుంది.

డబ్బాపాల కంపెనీలకి ఇది పండగే. పాల డబ్బాల ప్రకటనలని, ఉచిత శాంపిళ్ళని, ఆస్పత్రులకి కానుకలని నిషేధిస్తూ మనకి 1992 నుంచి చట్టం ఉంది, 2003లో గట్టిపరిచారు కూడా. ఆపదలో దానం పేరుతో వచ్చే డబ్బాల మీద కన్నేసి ఉంచడం ఎవరి పనో మాత్రం మన జిల్లాల్లో అడిగితే ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. మరోవైపు హైదరాబాద్ నీలోఫర్‌లో 2017 నుంచి ధాత్రి తల్లిపాల బ్యాంకు ఉంది. దాతల పాలని 62.5 డిగ్రీల దగ్గర అరగంట వేడిచేసి ఉంచుతారు. ఆ వేడికి కరోనా వైరస్ కూడా బతకదు. తల్లి నిజంగానే పాలివ్వలేని స్థితిలో ఉంటే డబ్బాకంటే ముందు ఆలోచించాల్సింది ఇలాంటివాటి గురించి. రెండు రాష్ట్రాల్లోనూ ఇవి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే.

టీకా సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అదీ ఇదే జబ్బు. 2021 జనవరిలో టీకాలు మొదలైనప్పుడు గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి వేయవద్దని కేంద్రం చెప్పింది. కారణం, ట్రయల్స్‌లో వాళ్ళని చేర్చుకోలేదు. చేర్చుకోలేదు కాబట్టి సమాచారం లేదు, సమాచారం లేదు కాబట్టి వేయం. దాంతో పాలిచ్చే నర్సులు, ఆశాలు, ఏఎన్ఎంలు టీకా లేకుండానే డ్యూటీ చేశారు. కొందరు పాలు మాన్పించి మరీ టీకా వేయించుకున్నారు, నాకు తెలిసినవాళ్ళే ఉన్నారు. రెండో వేవ్ ఊళ్ళని ఊడ్చేస్తుండగా, మే 19న పాలిచ్చే తల్లులకి అనుమతి వచ్చింది. గర్భిణులకి జులైలో. ఇక్కడా ఎవరూ రిస్క్ తీసుకోలేదు, రిస్క్ అంతా ఆ తల్లులే మోశారు.

ఇప్పుడు కావాల్సింది ఇంకో అవగాహన వారోత్సవం కాదు, ప్రతి ప్రసూతి ఆస్పత్రిలో, ప్రభుత్వమైనా ప్రైవేటైనా, రోగం లేని రోజుల్లోనే రాసి గోడకి అంటించిన ఒక పేజీ. విడదీసే నిర్ణయం ఏ హోదాలో ఉన్న డాక్టరు తీసుకుంటారు, ఏ కారణం చేత, ఎన్ని గంటలకొకసారి దాన్ని తిరగేసి చూస్తారు. ఆ కాలంలో పాలు పిండించే సిస్టర్ ఎవరు, పంపు ఎక్కడుంది, సీసా మోసే మనిషి ఎవరు, ఆ మనిషికి కిట్ ఉందా. తల్లికి తోడుగా రోగం లేని ఒక ఆడమనిషిని లోపలికి పంపుతారా లేదా. విడదీసిన ప్రతి బిడ్డ ఆరు వారాలకి ఏ పాలు తాగుతున్నాడో, ఎలా ఉన్నాడో ఆశా వెళ్ళి రాసుకొస్తుందా. ఈ చివరిది లేకపోతే విడదీత ఖరీదు ఎంతో ఎప్పటికీ తెలియదు. కరోనా రోజుల్లో పాజిటివ్ వచ్చిన పిల్లల అంకె మాత్రం సాయంత్రం బులెటిన్‌లో కనిపిస్తూనే ఉండేది.

మీ ఇంట్లో ఈ నెలలోనో వచ్చే నెలలోనో పురుడుంటే, అంటువ్యాధి ఏదీ లేకపోయినా సరే, ఆస్పత్రిలో ఈ పేజీ అడిగి చూడండి. లేదంటారు. ఎందుకు లేదో సూపరింటెండెంట్‌ని అడగండి, అక్కడ పని కాకపోతే జిల్లా వైద్యాధికారికి ఒక కాగితం రాయండి.